ముల్లు మధ్యలోనే ఉంది

జూలై 6, సోమవారం

ఇవాళ డబ్బాలో నాకు నేనే తెగ నచ్చేశాను. రాసుకోకపోతే పొట్ట ఉబ్బిపోయేలా ఉంది.

సిమ్యులేటర్‌ని డబ్బా అనొద్దని హేమచంద్ర సార్ ఎన్నిసార్లు చెప్పినా మా నోళ్ళు తిరగవు. బేగంపేట పాత ఎయిర్‌పోర్టు వెనక గోడౌన్‌లో అది రేకు డబ్బాలాగే ఉంటుంది మరి. లోపల రెండు సీట్లు. ఎడమది కమాండర్ అనుపమక్కది, కుడిది పైలట్‌నైన నాది. ఇవాళ నా ఒక్కదాని వంతు. రాకెట్ మొదటి అంచె ఊడిపోయి, రెండో అంచె ఇంజన్ మండుతూ పైకి పోతున్నప్పుడు కంప్యూటర్ దారి తప్పితే మనం చేత్తో నడపాలి. రేడియో పోయిందనుకోవాలి, నేల మీది నుంచి సాయం రాదు. మన దగ్గర ఉండేవల్లా ఒక పెద్ద ముల్లు, పక్కన చిన్న గేజీ, తొడకు కట్టుకున్న కార్డు, కుడిచేతి దగ్గర పిడి.

పెద్ద ముల్లు కంప్యూటర్‌ది. అంతా బాగుందని కంప్యూటర్ అనుకున్నంతసేపూ అది మధ్యలో నిలబడుతుంది. తిరకాసంతా అక్కడే. దారి తప్పిన కంప్యూటర్‌కి తాను తప్పానని తెలియదు. ముక్కు మెల్లగా వాలిపోతున్నా ముల్లు మాత్రం మధ్యలోనే ఉంటుంది. చిన్న గేజీకి కంప్యూటర్‌తో సంబంధం లేదు. ముక్కు నిజంగా ఏ కోణంలో ఉందో అది చూపిస్తుంది. ఈపాటికి ఏ కోణంలో ఉండాలో కార్డు చెబుతుంది. రెండూ పోల్చుకుని, తేడా కనబడితే స్విచ్ వేసి పిడి పట్టుకోవాలి. పట్టుకున్నాక బలం చూపించకూడదు. విమానంలోలాగా గుంజితే అది ఆలస్యంగా తిరుగుతుంది, తిరిగాక ఆగదు, ముక్కు అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. కాస్త నొక్కి, కోణం సరైన చోటికి రాకముందే వదిలెయ్యాలి.

సార్ ఇవాళ బయట కన్సోల్ నుంచి కావాలని పెట్టిన ప్రతి తప్పునీ పుట్టీ పుట్టగానే పట్టేశాను. చేయి దానంతటదే వెళ్ళింది.

"నీ చేతికి కళ్ళున్నాయమ్మా సబీహా," అన్నారు సార్ హెడ్‌ఫోన్‌లో. ఎయిర్‌ఫోర్స్‌లో తల పండిన మనిషి, ఊరికే మెచ్చుకునే రకం కాదు. ఆగస్టు ఏడున పరీక్ష. అది దాటితే చలికాలంలో ఎగిరే మొదటి జంట మేమే.

జూలై 7

రాయడానికి ఏమీ లేదు. బాగానే ఉన్నాను.

జూలై 10, శుక్రవారం

సార్ భార్యకు కంటి ఆపరేషన్, ఆయన రాలేదు. కన్సోల్ ముందు ఇంజనీర్ తిరుమల్‌ని కూర్చోబెట్టారు. ఆ అబ్బాయి మైక్ ఆన్‌లో పెట్టుకునే మురుకులు తింటాడు. నా చెవిలో కరకర, కరకర.

రాకెట్ సముద్రంలో పడింది.

"మేడమ్, నేను తప్పు పెట్టి శానసేపైంది," అన్నాడు. "మీరు గేజీ దిక్కు జూస్తలేరా ఏంది?"

"చూస్తూనే ఉన్నా. నువ్వు ముందా మురుకులు బంద్ చెయ్."

మళ్ళీ పెట్టాడు. మళ్ళీ సముద్రం. మూడోసారి తప్పేమీ పెట్టకపోయినా పిడి పట్టుకుని, బాగా పోతున్న రాకెట్‌ని నేనే ఊపి పాడుచేశాను. ఆ కరకర మధ్యలో ఏం కనబడుతుంది మనిషికి?

జూలై 11

తిరుమల్‌కి తప్పులు పెట్టడం రాదు. అంతే.

జూలై 14, మంగళవారం

సార్ వచ్చారు. అన్నీ పట్టుకున్నాను. చూశావా సబీహా, అనవసరంగా పరేషాన్ అయ్యావు.

సార్ ఎప్పటిలాగే బొల్లారం ఇంట్లోని గులాబీ మొక్కల గురించి, కంటి డాక్టర్ గురించి కబుర్లు చెబుతూనే ఉన్నారు. కబుర్ల మధ్య పనిచేయడం అలవాటు కావాలని ఆయన పద్ధతి. నా చేయి మాత్రం ఎక్కడా తడబడలేదు.

అయిపోయాక, "పిడి పట్టుకున్నప్పుడు గేజీ ఎంత చూపించింది?" అని అడిగారు. గుర్తు రాలేదు. కార్డు మీద అంకె గుర్తుంది, దాంట్లోంచి కొంచెం తీసేసి చెప్పాను. సార్ తల ఊపారు. దీని గురించి ఇంత ఆలోచించాల్సిన పని లేదు. అన్నీ గుర్తుపెట్టుకుంటే చేయి ఎప్పుడు కదులుతుంది?

జూలై 17, శుక్రవారం

చిలకలగూడలో మా గల్లీ మొత్తానికి నా సంగతి తెలిసిపోయింది. అమ్మీ దాచుకోలేదు కదా. పక్కింటి రోసమ్మకు చెబితే చాలు, సికింద్రాబాద్ స్టేషన్ దాకా పాకుతుంది.

అన్నం పెడుతూ అడిగింది.

"గా మిషిన్ నువ్వే తోల్తవా బేటీ?"

"లేదమ్మీ, కంప్యూటర్ తోల్తది."

"మరి నువ్వెందుకు?"

"అది ఖరాబైతే నేను తోలాలె."

"ఖరాబయ్యేదైతే ఎక్కుడెందుకే?" అని, ఇంకో గరిటె పప్పు వేసింది. నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఏమైనా పక్కన అనుపమక్క ఉంటుంది. నాకు కనబడకపోయినా ఆమెకు కనబడుతుంది. ఆమె ఒక్క తప్పు కూడా వదలదని సార్ చెబుతుంటారు.

జూలై 22, బుధవారం

ఇవాళ ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టారు. రెండో అంచె మండుతోంది. సార్ చుక్కల మందు గురించి ఏదో చెబుతున్నారు. ఉన్నట్టుండి హెడ్‌ఫోన్‌లో ఆయన మాట ఆగింది. మాటతో పాటు ఆయన వెనక ఎప్పుడూ వినబడే ఫ్యాన్ హోరు కూడా ఆగింది. నా చేయి స్విచ్ మూత ఎత్తి పిడి మీదికి వెళ్ళిపోయింది.

అప్పుడు గేజీ చూశాను. కార్డు చూశాను. రెండూ ఒకటే. ఏ తేడా లేదు.

ఎడమవైపు చూశాను. అనుపమక్క చేయి కూడా తన పిడి మీదే ఉంది.

హోరు మళ్ళీ వచ్చింది. "సారీ అమ్మాయిలూ, తుమ్ము వచ్చింది. మీ చెవులు పగలగొట్టడం ఎందుకని మైక్ కట్టేశాను," అన్నారు సార్. "అదేమిటి, ఇద్దరూ పిడి పట్టుకున్నారు? నేనింకా ఏమీ పెట్టలేదే?"

"గ్లౌజ్ సర్దుకుంటున్న సార్," అంది అక్క.

"నేనూ అంతే సార్," అన్నాను.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

జూలై 23

ఎంత తిప్పి రాసినా ఇదే వస్తోంది కాబట్టి సూటిగా రాస్తాను. తప్పు పెట్టేముందు సార్ మైక్ కట్టేస్తారు, కీబోర్డు చప్పుడు మాకు వినబడకూడదని. అంత జాగ్రత్త మనిషి. చెవిలో హోరు ఆగితే నా చేయి లేస్తుంది. నేను గేజీ చూడటం లేదు. అసలు ఎప్పుడైనా చూశానా? తిరుమల్ మైక్ కట్టడు, అందుకే అతని దగ్గర ఏమీ పట్టుకోలేకపోయాను. పాపం, మురుకుల మీద తోసేశాను. నా చేతికి కళ్ళు లేవు, చెవులున్నాయి. నిజం రాకెట్‌లో కంప్యూటర్ దారి తప్పేముందు ఎవరూ మైక్ కట్టరు.



జూలై 24, శుక్రవారం

బేగంపేట మెట్రో కింద చాయ్ కొట్టు దగ్గర అక్కను పట్టుకున్నాను. మొదట గ్లౌజ్ అనే అంది. నేను కదలకుండా నిలబడేసరికి గ్లాసు కింద పెట్టేసింది.

"నాకు మే నెలలనే ఎర్కైంది," అంది.

"మరి చెప్పలేదేమక్కా?"

"ఏమని చెప్పాలె? నాకేం కనబడ్తలేదు సార్ అనా? నేను నీ ధైర్యం మీదున్ననే. సబీహాకైతే ఆ చెయ్యుంది, పక్కన అదుంటే నాకేం ఫికర్ అనుకున్న."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "నేను నీ ధైర్యం మీదున్నానక్కా," అన్నాను.

అక్క నా మోచేయి పట్టుకుంది. "జెర ఇను. కంప్యూటర్ ఒక్కటి కాదు, మూడున్నయ్. మూడూ ఒక్కపారి తప్పుడు ఎన్నడన్న అయితదా? ఇప్పుడు చెప్తే మొత్తం ట్రైనింగ్ మల్ల షురూ. సీటు ఇంకెవరికో పోతది. నన్ను ఇంతకుముందు రెండుసార్లు పక్కకు పెట్టిండ్రు. ఇదే ఆఖరు. ఇంకో ఛాన్స్ రాదు నాకు."

చెప్పనని మాటిచ్చాను. అక్క అన్నదీ నిజమే. మూడు కంప్యూటర్లున్నాయి.

జూలై 25

మూడున్నాయి.

జూలై 28, మంగళవారం

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు తిరుమల్‌ని బతిమాలి డబ్బాలో కూర్చున్నాను. మురుకులు కూడా నేనే కొనిచ్చాను.

"మేడమ్, మీకేమన్న తక్లీఫ్ ఉందా? సార్ తోని చేస్తే సూపర్ చేస్తరంట గదా?"

"నీతోని సుత సూపర్ చేయాలనే కదా తమ్మీ."

గేజీ చూస్తే కార్డు మీద ఏ వరసలో ఉన్నానో మరిచిపోతున్నాను. కార్డు చూస్తే గేజీ జారిపోతోంది. చూపు మాటిమాటికీ పెద్ద ముల్లు దగ్గరికే వెళుతోంది. అది మధ్యలో ఉంటే మనసుకు హాయిగా ఉంటుంది, తప్పని తెలిసినా సరే. చివరికి ఒకటి పట్టుకున్నాను, బాగా ఆలస్యంగా. అప్పటికే భయపడి ఉన్నాను కాబట్టి గుంజాను. ఊగిపోయింది.

ఇంకా రోజులున్నాయి. నేర్చుకుంటాను. నేర్చేసుకుంటే ఇక చెప్పాల్సింది ఏముంటుంది?

ఆగస్టు 2, ఆదివారం

లష్కర్ బోనాలు. దారులన్నీ మూసేశారు, డబ్బాకు వెళ్ళలేకపోయాను. పొద్దుటి నుంచి డప్పులు. అవి కాసేపు ఆగినప్పుడల్లా నా కుడిచేయి బిగుసుకుంటోంది. అమ్మీ చూసి, చెయ్యి నొప్పా అని నూనె వేడిచేసింది. అవునన్నాను.

ఆగస్టు 6

రేపు గేజీ చూసే పట్టుకుంటాను. హోరు ఆగినా చేయి లేపను. కళ్ళతో చూశాకే లేపుతాను. అప్పుడది మోసం కాదు.

ఆగస్టు 7, శుక్రవారం

పాసయ్యాం.

బెంగళూరు నుంచి ముగ్గురు పెద్దలు వచ్చి అద్దం అవతల కూర్చున్నారు. కన్సోల్ దగ్గర సార్. మొదటి అంచె ఊడింది. కాసేపటికి చెవిలో హోరు ఆగింది. చేయి లేవబోయింది, ఎడమచేత్తో దాన్ని ఒడిలోనే నొక్కి పట్టుకున్నాను. తప్పు వచ్చిందని నాకు తెలుసు. ఉందని తెలిసి కూడా వెతుకుతున్నాను. గేజీ, కార్డు, గేజీ, కార్డు. నాకేమీ కనబడలేదు. ఒట్టు, నాకేమీ కనబడలేదు. ఏ వరస చూడాలో తెలియలేదు, చెమట కళ్ళలోకి కారింది.

అనుపమక్క పిడి పట్టుకుంది. చక్కగా, మెత్తగా నడిపింది. కక్ష్య అందింది.

అద్దం అవతల చప్పట్లు కొట్టారు. కమాండర్ నడుపుతుంటే పైలట్ చేతులు అడ్డం పెట్టకుండా కూర్చోవడం గొప్ప సంయమనమట. ఒకాయన ఇంగ్లీషులో అదే మాట రెండుసార్లు అన్నాడు. హేమచంద్ర సార్ కళ్ళు తుడుచుకున్నారు. నేనూ నవ్వాను, ఫోటోలో ఉన్నాను.

ఆగస్టు 8

అమ్మీ గల్లీ అంతా ఖుబానీ కా మీఠా పంచింది. నా నోట్లో కూడా పెట్టింది. బాత్రూమ్‌లోకి వెళ్ళి ఉమ్మేశాను.

ఇలాగే ఊరుకుంటే చలికాలంలో నేను అందులో కూర్చుంటాను. అక్క కూర్చుంటుంది. మా ఇద్దరిలో ఎవరికీ కనబడదు.

ఆగస్టు 9, ఆదివారం

పొద్దున్నే అక్కకు ఫోన్ చేసి, సార్ దగ్గరికి పోతున్నానని చెప్పాను. చెప్పకుండా పోవడం నా వల్ల కాలేదు.

"నువ్వు పోతే నన్ను ముంచినట్టే సబీహా."

"పోకపోతే ఇద్దరం మునుగుతమక్కా."

పెట్టేసింది.

బొల్లారంలో సార్ మొక్కల దగ్గర ఉన్నారు, చేతిలో కత్తెర. అమ్మగారు నల్ల కళ్ళద్దాలతో వరండాలో కూర్చుని, ఎవరమ్మా అని పలకరించారు. సార్‌ని పక్కకు పిలిచి నా సంగతి మొత్తం చెప్పాను. అక్క పేరు ఎత్తలేదు. మైక్ సంగతికి వచ్చేసరికి ఆయన కత్తెర ఆగిపోయింది.

"చప్పుడు వినబడకూడదనే కదమ్మా కట్టేది," అన్నారు.

"తెలుసు సార్."

"ఇన్నాళ్ళూ నేను మీకు నేర్పింది అదా?"

ఆయన గట్టు మీద కూర్చుండిపోయారు. "తుమ్మిన రోజు ఇద్దరూ పట్టుకున్నారు. నేను చూశాను. చూసి, గ్లౌజు మాట నమ్మాను. నమ్మాలనిపించింది," అన్నారు. "మీ తర్వాత ఎగరాల్సిన రెండో జంటకు నేర్పింది కూడా నేనే."

తిట్టి ఉంటే బాగుండేది. గేటు దాకా వచ్చి, ఆటో పిలిచి, జాగ్రత్తగా వెళ్ళమ్మా అన్నారు.

ఆగస్టు 12, బుధవారం

పరీక్ష రద్దు. నాలుగు సీట్లూ రద్దు. చలికాలం కాదు, ఎప్పుడో తెలియదు. ఎవరు ఎగురుతారో మళ్ళీ మొదటి నుంచి చూస్తారట. సార్ రాజీనామా ఇస్తే పైవాళ్ళు తీసుకోలేదు. ఇకమీదట కన్సోల్ తిరుమల్‌ది, సార్ వెనక కూర్చుంటారు.

క్యాంటీన్‌లో నేను కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. అనుపమక్క ఎదురుపడి, నేను గోడనైనట్టు పక్క నుంచి వెళ్ళిపోయింది.

నేను చేసింది తప్పేమో. మూడు కంప్యూటర్లున్నాయి కదా. ఆమెకు ఇంకో ఛాన్స్ రాదు కదా.

ఆగస్టు 14, శుక్రవారం

డబ్బాలో ఇద్దరినీ కలిపి వేశారు. అక్క వచ్చింది, బెల్టు బిగించుకుంది, నా వైపు తిరగలేదు. తిరుమల్ మైక్ మొదటి నుంచి చివరి దాకా ఆన్‌లోనే ఉంటుంది, హోరు ఆగదు. ఇవాళ మురుకులు మాత్రం లేవు. అతనికీ భయంగానే ఉన్నట్టుంది.

రెండో అంచె మండింది. నా పాటికి నేను, ఆమె పాటికి ఆమె చూసుకుంటున్నాం. అంకెలు పైకి చదవాలని రూలుంది. అవసరం పడక ఎప్పుడో మానేశాం. ఇప్పుడు మాటలే లేవు, ఇక చదవడం ఎక్కడ? గేజీ చూశాను, కార్డు చూశాను, బాగానే ఉన్నట్టనిపించింది. అనుమానం వచ్చింది, పోయింది. మళ్ళీ వచ్చింది. ఈలోగా ఎర్ర దీపాలు వెలిగాయి.

నీళ్ళు తగిలేదాకా పెద్ద ముల్లు మధ్యలోనే ఉంది.

అక్క రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని అలాగే కూర్చుంది. తర్వాత నా చేయి వెతికి పట్టుకుంది. గ్లౌజు తడిగా ఉంది.

"పోయినం గదనే సబీహా," అంది. "మనిద్దరం పోయినం."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమెకూ ఆగలేదు. అద్దం అవతల సార్ లేచి నిలబడ్డారు.

కొంతసేపటికి అక్క ముక్కు తుడుచుకుని, ముందుకు వంగి గేజీ మీద దుమ్ము తుడిచింది. "నేను గేజీ జదువుత. నువ్వు కార్డు జదువు. గట్టిగ జదువు, నాకు ఇనబడాలె," అంది. తర్వాత మైక్‌లో, "తిరుమల్, మల్ల పెట్టు."

పెట్టాడు. చిన్న బడి పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాం. నేనొక అంకె, ఆమె అదే అంకె. నేను ఇంకొకటి, ఆమె అదే. గొంతు పోయేలా అరుస్తున్నాం. ఎంతసేపో తెలియదు. కార్డు మీద నా వేలు కింది వరసకు దిగింది.

"ముప్పై ఒకటి," అన్నాను.

"ఇరవై తొమ్మిది," అంది అక్క.

ఇద్దరం ఆగిపోయాం. నా వరస మళ్ళీ చూసుకున్నాను. ముప్పై ఒకటే. ఆమె గేజీ మళ్ళీ చూసింది. ఇరవై తొమ్మిది, ఇంకా తగ్గుతోంది. చెవిలో హోరు అలాగే ఉంది.

"పట్టుకో అక్కా," అన్నాను.